పద్దెనిమిది వందల అరవై మూడు చేపలు

ఎమ్మిగనూరులో ముప్పై రెండేళ్లు గుమాస్తాగిరీ చేసి రిటైరైన దేవేంద్రప్ప, కోసిగి దారిలో ఉన్న పొలంలో కుంట తవ్వించి చేపలు వేశాడు. లైసెన్సు లేనిదే చేప అమ్మకూడదని రూలు. దరఖాస్తులో ‘చేపల సంఖ్య’ అన్న గడి ఉంది. పక్క పొలం గిడ్డయ్య అందులో ‘సుమారు రెండు వేలు’ అని రాసి వారంలో లైసెన్సు తెచ్చుకున్నాడు. దేవేంద్రప్ప ‘1,900’ అని రాశాడు. చేపపిల్లల్ని వేసేటప్పుడు తనే లెక్కపెట్టాడు మరి.

తర్వాత ఒక కొంగ వచ్చి ఒక చేపను ఎత్తుకుపోయింది. దేవేంద్రప్ప మత్స్యశాఖ ఆఫీసుకు సవరణ ఉత్తరం ఇచ్చి రసీదు తీసుకున్నాడు. ఉత్తరం అందిన ప్రతిసారీ ఫైలు మళ్లీ మొదటి టేబుల్ నుంచి బయలుదేరాలి. ఈ సంగతి కొంగకు తెలియదు. అది రోజూ వచ్చింది. ఉత్తరాలు ముప్పై ఏడయ్యాయి.

“కొంగ తింటే తిననీ. అదేమన్నా సర్వీసులో ఉండాదా?” అంది భార్య మల్లేశ్వరి.

“రికార్డు కరెక్టుగా ఉండల్ల,” అన్నాడు దేవేంద్రప్ప.

ఆదోని నుంచి చేపల వ్యాపారి జయరాం ఫోన్ చేశాడు. “సారూ, ఆదివారం లోపల లైసెన్సు సూపిస్తే నీ సరుకే దించుకుంటా. ల్యాకుంటే కోస్తా లారీ ఉండనే ఉండాది. దానికి కాగితాలు ముందొస్తాయి, సేపలెనకొస్తాయి.”

శనివారం పొద్దున తనిఖీకి ఆఫీసరు శ్రీలక్ష్మి వచ్చింది. లావుపాటి ఫైలును బైకు మీద ఆనించి నిట్టూర్చింది.

“సుమారు అని రాసింటే గట్టు మీద నిలబడి సంతకం పెట్టి పోతాంటిని సార్. మీరు కచ్చితంగా రాసినారు, నేను కచ్చితంగా చూడల్ల.”

“సుమారు అనే మాట నా సర్వీసులో ఒక్క ఫైల్లోనూ ఒప్పుకోల్యా మేడమ్,” అన్నాడు దేవేంద్రప్ప, మెచ్చుకుందనుకుని.

వల లాగి చేపల్ని గట్టు మీద పోశారు. దేవేంద్రప్ప లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. వెయ్యి దాటాక గిడ్డయ్య వచ్చాడు.

“అన్నా, మీ అల్లుడు యాడ పని జేస్తాండాడు?”

అల్లుడి సంగతి ఎవరడిగినా దేవేంద్రప్ప సగంలో ఆపలేడు. కంపెనీ, జీతం, ఫ్లాటు, అందులో లిఫ్టు వరకూ చెప్పి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. రెండోసారి గిడ్డయ్య లిఫ్టులో ఎంతమంది పడతారని అడిగాడు.

మూడోసారికి లెక్క తేలింది. 1,863. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. కదిలేది కూడా ఒక్కటీ లేదు.

“లెక్క సరిపాయ. కానీ లైసెన్సు బతికుండే సేపలకి సార్,” అంది శ్రీలక్ష్మి.

గిడ్డయ్య గొంతు సవరించుకున్నాడు. “నాకుండాది గదన్నా లైసెన్సు. సగం ధరకి నాకిచ్చేయి. జయరాం నాతాన కొంటాడులే.”

మల్లేశ్వరే బుట్టలు అందించింది. ఆటో ఆదోని దారి పట్టింది.

శ్రీలక్ష్మి ఫైలు తెరిచింది. “ఇప్పుడు కుంటలో ఎన్ని ఉండాయి సార్?”

“సున్న.”

“సుమారా?”

“కచ్చితంగా మేడమ్.”

ఆమె కుంటలోకి తొంగి చూసి, గడిలో సున్న వేసి, అక్కడే సంతకం పెట్టి లైసెన్సు చేతికిచ్చింది. దేవేంద్రప్ప ఆ సాయంత్రమే లైసెన్సుకు లామినేషన్ చేయించి మోటారు షెడ్డులో వేలాడదీశాడు.

“సేపలేవి?” అంది మల్లేశ్వరి.

“సేపలు యాడైనా దొరుకుతాయి. లైసెన్సు దొరుకుతాదా?”

ఖాళీ కుంటలోకి ఒక కప్ప దూకింది. దేవేంద్రప్ప కాసేపు దాన్నే చూసి, జేబులోంచి పెన్ను తీశాడు.