ఆవిడకి ఏమైనా అయిందా?

“ఆవిడ ముక్కులోకి ఒక్క చుక్క నీళ్లు పోయాయో, నీ ముక్కు పగులుతుంది. ముందే చెప్తున్నా,” అన్నాడు భర్త, బానెట్ పైకెత్తి కడ్డీ నిలబెడుతూ.

ఆవిడ అంటే కారు. ఎర్రటి స్పోర్ట్స్ కారు. కొన్ననాటి నుంచీ అతను దాన్ని ఆవిడ అనే అంటాడు. ఆవిడకి ఎండ తగులుతోంది, ఆవిడ మీద చెయ్యి వేయకండి, ఆవిడ ఇవాళ అలిగింది. మొదట్లో అందరూ నవ్వారు. నవ్వీ నవ్వీ అత్తగారికీ పక్కింటివాళ్లకీ కూడా అదే నోటికి అలవాటైపోయింది. భార్య మాట వస్తే మాత్రం, “అది ఇంట్లోనే పడి ఉంటుందిలేరా, దానిచేత తుడిపిస్తాను,” అంటాడు ఫోన్లో స్నేహితులతో.

బానెట్ కింద శుభ్రం చేయడం ఆమె పని. ఎలా చేయాలో నేర్పింది అతనే. ఇంజన్ పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి పక్కకి పెట్టాలి. గాలి పీల్చే గొట్టానికీ ఫ్యూజుల పెట్టెకీ ప్లాస్టిక్ సంచులు తొడిగి రబ్బరు బ్యాండ్లు వేయాలి. పైపు పెట్టి నీళ్లు కొట్టకూడదు. సబ్బునీళ్లలో ముంచి పిండిన మెత్తటి బ్రష్షుతో జిడ్డు వదలగొట్టి, పసిపిల్ల మూతి తుడిచినట్టు తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడవాలి. ఆ గుడ్డలు కూడా ఆవిడవి వేరు. ఇంట్లోవాళ్ల బట్టలతో కలిపి ఉతక్కూడదు. పెళ్లైన కొత్తల్లో “నీ చేతులు సన్నం, ఎంత సందులోకైనా దూరతాయి” అని అతను అన్నప్పుడు ఆమె మురిసిపోయింది. తన చేతుల గురించి అంతకు ముందు ఎవరూ ఏమీ అనలేదు మరి. ఇప్పుడు తను పనిచేసే బట్టల షాపులో ఆమె గోళ్ల సందుల్లో నలుపు చూసి యజమాని “అమ్మా, నువ్వు తెల్ల బట్టల వైపు రాకు, ముదురు రంగులు మడతపెట్టుకో చాలు” అంటాడు. పక్కనున్న అమ్మాయిలు కిసుక్కుమంటారు. ఆమె కూడా వాళ్లతో కలిసి నవ్వుతుంది. నవ్వకపోతే ఆ నలుపు ఎక్కడిదో చెప్పాలి. ఎక్కడిదో చెబితే, మీ ఆయన చేసుకోడా అని అడుగుతారు. అక్కడి నుంచి పెదవి మీది కుట్ల దాకా ఎంతో దూరం లేదు.

బానెట్ లేవగానే సెగ ముఖానికి కొట్టింది. అతను ఊరి బయట రోడ్డు మీద కారుని చిత్తంవచ్చినట్టు తోలి అప్పుడే వచ్చాడు. సాయంత్రం కార్ల క్లబ్బువాళ్లు చూడ్డానికి వస్తున్నారు.

“ఇంకా కాలిపోతోందండీ. కాస్త చల్లారనిద్దాం,” అంది ఆమె, సబ్బునీళ్ల మగ్గు చేత్తో పట్టుకుని.

“వాళ్లు బయలుదేరారు. నీళ్లు వద్దులే, వేడి మీద పోస్తే ఆవిడ పగుల్తుంది. వట్టి గుడ్డతో ఆ గొట్టాల సందులో తుడిచెయ్.”

“చెయ్యి కాలుతుందండీ.”

“కాలితే మందు రాసుకుంటావు. ఆవిడకి మందుందా?”

“నేను పెట్టలేను.”

ఆ మాట ఇంత తేలిగ్గా వచ్చినందుకు ఆమే ఆశ్చర్యపోయింది. అతను ఆశ్చర్యపోలేదు. ఆమె కుడి మణికట్టు పట్టుకున్నాడు. “పెట్టలేవా? నా ఇంట్లో తిని, నాకే పెట్టలేనని చెప్తావా?” అంటూ చేతిని గొట్టాల మధ్యకి తోసి, పొగ గొట్టానికి అదిమి పట్టాడు. తోలు చిటపటమనడం ఆమె విన్నది. నొప్పి తర్వాత వచ్చింది, ముందు వాసన వచ్చింది. అరిచింది. గుంజుకుంది. అతను ఇంకా బలంగా నొక్కాడు. “ఇప్పుడు పెట్టావుగా? పెట్టావా లేదా?” ఆమె రెండో చేయి ఎగిరి మగ్గులో నీళ్లన్నీ ఇంజన్ మీద పడ్డాయి. బుస్సుమని ఆవిరి లేచింది.

అప్పుడు వదిలాడు. వదిలి, ఆమె చెంప మీద చెయ్యి తిరగేసి కొట్టాడు. పడితే డొక్కలో తన్నాడు. ఆమెని దాటుకుని పోయి, గుడ్డలన్నీ పోగేసి ఇంజన్ మీద అద్దసాగాడు.

అత్తగారు చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చింది. “అయ్యో అయ్యో, ఆవిడకి ఏమైనా అయిందా?”

నేల మీద పడి ఉన్న ఆమె, “ఏం కాలేదు అత్తయ్యా,” అని జవాబు చెప్పింది.

తల్లీ కొడుకూ ఆమె వైపు తిరిగి చూశారు. ఆ మాట తన గురించి అనుకుందని ఇద్దరికీ అర్థమైంది. అత్తగారికి నవ్వొచ్చింది కూడా, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె అయితే, అడిగింది తన గురించే అనుకుని, ఒళ్లు కమిలి, చేయి ఉడికిపోయి కూడా, వాళ్లు కంగారు పడకూడదని తన నోరు ఏం కాలేదని చెప్పేసింది. వాళ్లు అడక్కుండానే ఆ అబద్ధాన్ని ఇన్నేళ్లూ తనే అందిస్తూ వచ్చింది. ఆ నవ్వు ఆమెకి తన్ను కంటే గట్టిగా తగిలింది.

ఆమె లేచి, కొళాయి కింద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది. తర్వాత గేటు తీసుకుని నడిచింది. వీధి చివర ఆసుపత్రి ఉంది. అత్తగారు వెనకాలే వచ్చింది, దారి పొడుగునా చెవిలో నూరిపోస్తూ. “ఇస్త్రీ పెట్టె అని చెప్పు. వాడికి కోపమొస్తే కళ్లు కనపడవు గానీ మనసు వెన్న. మగాడన్నాక ఆ మాత్రం ఉంటుంది. విన్నావా, ఇస్త్రీ పెట్టె.”

“ఎలా కాలింది?” అంది నర్సు.

“ఇస్త్రీ చేస్తూ ఎటో చూసిందమ్మా. దీనికి ఎప్పుడూ పరాకే,” అత్తగారు అందుకుంది.

నర్సు మోచేతి కింద పొక్కుల చారని చూసింది. మణికట్టు చుట్టూ కందిన వేళ్ల గుర్తులు చూసింది. “మీ ఇస్త్రీ పెట్టెకి వేళ్లు కూడా ఉంటాయా పెద్దమ్మా? మిమ్మల్ని కాదు, ఆమెని అడుగుతున్నాను.”

“కాలలేదండీ,” అంది ఆమె. “కాల్చారు.”

“ఏమే! మతి పోయిందా? ఎవరు కాల్చారే నిన్ను?”

పెళ్లైనప్పటి నుంచీ అతని గురించి ఎవరితో చెప్పినా వచ్చారు, తిన్నారు, పడుకున్నారు అనే చెప్పింది. పెదవి చిట్లిన రోజున, తలుపు వెనక ఒక్కతే కూర్చుని, తనలో తాను ‘కొట్టారు’ అనే అనుకుంది. దెబ్బ తిన్నప్పుడు కూడా మర్యాద తప్పలేదు.

“కాల్చాడు,” అంది, మాట దిద్దుకుని. “నా మొగుడు కాల్చాడు. పోలీసులకి ఇక్కడి నుంచే ఫోన్ చేయండి.”