మూత బిగించిందెవరు?

ఎర్ర రంగు సీసా మూత మళ్లీ రాలేదు. కాంపౌండర్ తువ్వాలు చుట్టి తిప్పాడు, మోకాళ్ల మధ్య ఇరికించి తిప్పాడు. అరచెయ్యి కందిపోయింది గాని, బొటనవేలంత సీసా మాత్రం ససేమిరా అంది. వారంలో ఇది మూడోసారి.

ముప్పై ఆరేళ్లు ఆసుపత్రిలో మందులు కలిపిన మనిషి. రిటైరయ్యాక చెక్కతో చిన్న చిన్న రైలు పెట్టెలు చేసి, వాటికి రంగులు వేసుకుంటూ కాలక్షేపం చేస్తున్నాడు. ఆ గదిలోకి ఎవరినీ రానివ్వడు. నెల కిందట అక్కా బావా వచ్చి కింది వాటాలో దిగారు. మూతలు మొరాయించడం మొదలైంది కూడా అప్పుడే. కొత్త రంగులు కొన్నదీ ఆ నెలలోనే, కానీ ఆ సంగతి అతనికి తట్టలేదు.

"ఏంటి బావమరిదీ, కుస్తీ పడుతున్నావా?" గుమ్మంలోంచి బావ పలకరించాడు. ఒకప్పుడు బస్సు కండక్టరు, కడ్డీలు పట్టుకుని గట్టిపడ్డ చేతులు. "ఇలా తే."

ఒక్క తిప్పుకి టక్కున వచ్చేసింది. బావ మీసాల చాటున నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ నవ్వు కాంపౌండర్‌కి ముల్లులా గుచ్చుకుంది. బిగించినవాడికి కాక విప్పడం ఇంకెవరికి అంత సులువు?

ఆ పూట పని అయ్యాక, మూత మీంచి సీసా మీదికి పెన్సిలుతో సన్నటి గీత గీశాడు. ఎవరు ముట్టుకున్నా గీత తప్పి తీరాలి. రెండ్రోజులయ్యాక చూస్తే గీత చెక్కు చెదరలేదు. అయినా మూత కదల్లేదు.

"అబ్బో! గీతకి గీత కలిపి మరీ బిగించాడన్నమాట," అనుకున్నాడు.

సీసాలన్నీ అలమారలో పెట్టి తాళం వేసి, చెవి జేబులో వేసుకున్నాడు. మరో రెండ్రోజులకి నీలం, తెలుపు కూడా బిగుసుకుపోయాయి. అయితే మారు తాళంచెవి చేయించి ఉంటాడు! భోజనాల దగ్గర ఇక ఉండబట్టలేకపోయాడు.

"బావా, నా అలమారకి ఎన్ని తాళంచెవులు చేయించారు?"

"ఏమన్నావ్?" నోటి దాకా వచ్చిన ముద్ద కంచంలోకి దిగింది. బావ లేచి చెయ్యి కడుక్కున్నాడు.

అక్క తమ్ముడి వంక కొరకొరా చూసింది. "నీకేమైనా మతి పోయిందట్రా? పద, ఆ సీసాలేంటో నేనూ చూస్తాను."

ఆవిడ గిన్నెలో వేడి నీళ్లు పోసి, మూత మునిగేలా సీసాను తలకిందులుగా పెట్టింది. కాసేపాగి, పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టి తిప్పింది. మూత బుద్ధిగా ఊడొచ్చింది.

"ఊఁ, ఇప్పుడు రంగు వెయ్యి."

అతను కుంచె ముంచాడు. ఎక్కువైన రంగుని సీసా అంచుకేసి గీకాడు. మళ్లీ ముంచాడు, మళ్లీ గీకాడు.

"ఆగాగు. ఆ మూతి చూడు."

మర చుట్లన్నీ ఎర్రగా నిండిపోయి ఉన్నాయి. ఆరితే జిగురే.

"ఆసుపత్రిలో సిరప్ సీసాకి కూడా మూతి తుడవకుండానే మూత పెట్టేవాడివా?"

కాంపౌండర్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. మూతి తుడవకపోతే పాకం గట్టిపడుతుందని కొత్తగా చేరినవాళ్లందరికీ ముప్పై ఆరేళ్లు చెప్పింది తనే. తడిగుడ్డతో అన్ని సీసాల మూతులూ తుడిచాడు. ఎండినదాన్ని పుల్లతో గీకి, మర చుట్లకి వేసలీను పల్చగా రాశాడు. కావలసినంత రంగు ఓ పింగాణీ సాసరులో వేసుకుని, కుంచె అక్కడే ముంచడం అలవాటు చేసుకోమంది అక్క.

తర్వాత కిందికి దిగాడు.

"బావా, తప్పయిపోయింది. మీరు నా గదిలోకి రాలేదని తెలిసింది."

"రాలేదని నేనన్నానా?" అన్నాడు బావ, మొహం అటు తిప్పుకునే. "నువ్వు స్నానానికి వెళ్లినప్పుడల్లా వస్తాను. సీసాలు ముట్టుకోలేదు. ఆ రైలు పెట్టెలు చూస్తూ కూర్చుంటాను, అంతే."

కాంపౌండర్ నొసలు ముడిపడింది. తనని అడగకుండా, దొంగచాటుగా! అంతలోనే కంచంలో వదిలేసిన ముద్ద గుర్తొచ్చి తగ్గాడు.

"అడిగితే నేనే చూపించేవాణ్ని కదా."

"నువ్వా? చూపించేవాడివి!"

కాంపౌండర్ బావ చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్లి, కిటికీ దగ్గర కుర్చీ వేశాడు. బావ ఒక పెట్టెను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అన్నీ బాగున్నాయి గాని, తలుపుల దగ్గర మెట్లేవయ్యా? జనం ఎక్కేదెలా?"

కాంపౌండర్‌కి ఒళ్లు మండింది. లాక్కుని చూశాడు. నిజమే, ఒక్క పెట్టెకీ మెట్లు లేవు.