వారానికి రెండే తలస్నానాలు

విశ్వేశ్వరరావుకు యాభై మూడో ఏట ఉద్యోగం పోయింది. ఇరవై రెండేళ్లు పనిచేసిన కంపెనీ తన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే టెస్టింగ్ విభాగాన్ని ఒక శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మూసేసింది. ఆ తరువాత ఐదు నెలల్లో ఆయన పదకొండు ఇంటర్వ్యూలకు వెళ్లాడు. ప్రతిచోటా అడిగేవాళ్లు ముందు ఆయన తల వైపు, తరువాత కాగితాల వైపు చూసేవాళ్లు. జుట్టు ఒత్తుగానే ఉండేది. కాకపోతే ఒక్క నల్ల వెంట్రుక లేదు.

పన్నెండో ఇంటర్వ్యూకు ముందురోజు చందానగర్ బజారుకు వెళ్లి, కొట్టువాడు చేతికిచ్చిన నల్లరంగు ప్యాకెట్ తెచ్చుకున్నాడు. నల్లగండ్లలోని తన ఫ్లాట్ బాత్రూంలో దూరి, పాత బనీను వేసుకుని, అరిగిపోయిన టూత్‌బ్రష్‌తో తలంతా పట్టించాడు. గంట తరువాత బయటికొచ్చేసరికి భార్య భ్రమరాంబ హాల్లో కూర్చుని బడిపిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది. తలెత్తి చూసి, "ఎవరు కావాలండీ?" అంది.

ఉద్యోగం వచ్చింది. మాదాపూర్‌లో తొమ్మిదో అంతస్తులో ఉన్న చిన్న కంపెనీ అది. డాక్టర్ల దగ్గర అపాయింట్‌మెంట్లు ఇప్పించే యాప్ ఒకటి నడుపుతోంది. టీమ్ లీడర్ రసజ్ఞకు ఇరవై తొమ్మిదేళ్లు. పక్క కుర్చీలో కూర్చునే రాకేష్‌కు పాతికేళ్లు. మొదటిరోజే రాకేష్ భుజం తట్టి, "బ్రో, కిందికి పోయి చాయ్ తాగొద్దాం వస్తవా?" అన్నాడు.

ఆ సాయంత్రం విశ్వేశ్వరరావు ఇంట్లో చెప్పులు విప్పకముందే చెప్పాడు. "నన్ను బ్రో అన్నాడే!"

"అయితే నేను వాడికి వదిననన్నమాట," అంది భ్రమరాంబ, పెన్ను కిందపెట్టకుండా.

ఆ సంతోషం మూడు వారాలు కూడా నిలవలేదు. కుదుళ్ల దగ్గర తెల్లగీత బయలుదేరింది. మిగతా జుట్టు నలుపు పోయి తుప్పు రంగులోకి దిగింది. ఎందుకిలా అయిందో ఆయనకు తెలియదు. కాలేజీ రోజుల నుంచి వాడుతున్న చుండ్రు షాంపూతో రోజూ తల రుద్దుకోవడం, అదీ పొగలు కక్కే బోరు నీళ్లతో కడుక్కోవడం అలవాటు. రంగు పోతోందంటే చాలినంత వేయడం లేదనుకుని, ప్రతి ఆదివారం కొత్త ప్యాకెట్ విప్పాడు.

రెండు నెలలు తిరిగేసరికి జుట్టు కొబ్బరిపీచులా తయారైంది. నెత్తి ఒకటే దురద. మీటింగులో ఏదైనా ఆలోచిస్తున్నట్టు పెన్నుతో గోక్కునేవాడు. దిండు గలీబులన్నీ నల్లబడటంతో భ్రమరాంబ ఆయన దిండుకు చెత్త కవరు తొడిగింది. అటు తిరిగినా ఇటు తిరిగినా కరకరమని చప్పుడు. వారం మధ్యలో తెల్లగీత కనిపిస్తే కప్పుకోవడానికి ఒక రంగుపుల్ల కూడా కొన్నాడు. లిప్‌స్టిక్ లాగే ఉంటుంది, రంగు మాత్రం నలుపు. పొద్దున్నే అద్దం ముందు నిలబడి చెంపల దగ్గర, నుదుటి మీద గీసుకుని వెళ్లేవాడు.

మే నెలలో ఒకరోజు ఆఫీసులో గంట మోగింది. నిప్పంటుకుంటే ఎలా దిగాలో నేర్పే అభ్యాసమట. తొమ్మిది అంతస్తులూ మెట్ల మీదుగా దిగి, అందరూ పార్కింగులో ఎండలో వరుసగా నిలబడ్డారు. సెక్యూరిటీ అధికారి మైకు పట్టుకుని నిప్పు రకాల గురించి అరగంట చెప్పాడు. విశ్వేశ్వరరావుకు చెమట ధారగా కారుతోంది. దానితోపాటు పొద్దున గీసుకున్నదంతా కరిగి, రెండు చెంపల మీదుగా రెండు నల్లని కాలవలు కట్టి, తెల్లచొక్కా కాలరులోకి దిగింది.

రాకేష్ ముందు చూశాడు. "బ్రో..." అని ఆగి, ఇంకాస్త దగ్గరికి వచ్చి చూసి, "అంకుల్, ఏదో కారుతుంది," అన్నాడు.

విశ్వేశ్వరరావు చేత్తో తుడుచుకున్నాడు. మొహమంతా అయింది. "ప్రింటర్ ఇంకు," అన్నాడు.

"మన ఆఫీసుల ప్రింటర్ లేదు గద అంకుల్."

ఆ మాటలో వెక్కిరింత లేదు. రాకేష్ జేబులోంచి రుమాలు తీసి ఇచ్చాడు కూడా. అదే ఆయనకు మరీ కష్టంగా తోచింది. ఇంటికి వచ్చి నేరుగా మంచం మీద పడుకున్నాడు. దిండు కరకరలాడింది. భ్రమరాంబ గుమ్మంలోంచి చూసింది. "లేవండి. కింద శ్రీలత దగ్గరికి వెళ్దాం," అంది.

శ్రీలతది సిద్దిపేట దగ్గర ఊరు. భ్రమరాంబ వాళ్ల అపార్ట్‌మెంటు కిందే పన్నెండేళ్లుగా ఆడా మగా అందరికీ పార్లర్ నడుపుతోంది. విశ్వేశ్వరరావును కుర్చీలో కూర్చోబెట్టి, దువ్వెన కొసతో పాయ తీసి చూసి, నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏంది సార్ గిది? ఎన్ని దినాలకొకపారి ఏస్తున్నరు రంగు?"

"వారం వారం."

"వారం వారమా? గోడకు గూడ గట్ల ఎయ్యరు సార్! నెత్తి ఎట్ల ఎర్రగైందో చూడుండ్రి అమ్మా." భ్రమరాంబ కూడా వంగి చూసింది. "ముందుగాల గీ మంట తగ్గాలె. నెల రోజులు రంగు ముట్టేది లేదు. అప్పటికీ తగ్గకపోతే చర్మం డాక్టర్ దగ్గరికి పోవాలె."

"నెల రోజులా? ఆఫీసులో ఏమనుకుంటారమ్మా!"

"ఆఫీసుల పని చేసేది నెత్తి లోపటిదా, నెత్తి మీదిదా?"

భ్రమరాంబకు నవ్వు ఆగలేదు. శ్రీలత మాత్రం నవ్వలేదు. ఆమెకిది పనికి సంబంధించిన విషయం. వారానికి రెండుసార్లకు మించి తలస్నానం వద్దంది. వేడినీళ్లు రంగును లాగేస్తాయి గనుక గోరువెచ్చనివి చాలు. రంగు వేసిన జుట్టుకు వేరే షాంపూ ఉంటుంది, రంగును కడిగేసే సల్ఫేట్ లేనిది. కండిషనర్ కొసలకే గాని కుదుళ్లకు తగలనివ్వకూడదు. స్నానానికి గంట ముందు కాస్త కొబ్బరినూనె. బండి మీద వెళ్లేటప్పుడు హెల్మెట్ కింద మెత్తటి నూలుగుడ్డ. చివరగా బోరు నీళ్ల ఉప్పు పోయేటట్టు రెండు మగ్గులు ఫిల్టర్ నీళ్లు. "ఇగ రంగు అంటరా, ఆరు వారాలకొకపారి, గది గూడ ఎదిగిన కాడికే. అంతకు రెండు దినాల ముందు చెవెనుక చుక్క పెట్టి చూడాలె. దురద పెడితే నా దగ్గరికి రావద్దు, దవాఖానకు పోవాలె."

టెస్టింగులో పండిపోయిన మనిషి కావడంతో విశ్వేశ్వరరావు ఇదంతా కంప్యూటర్‌లో పట్టికగా రాసుకున్నాడు. మొదటి రెండు వారాల ఫలితాలు ఇలా ఉన్నాయి: నీళ్ల వేడి, పాస్. నూనె, పాస్. కండిషనర్ కుదుళ్లకు తగలకుండా రాయడం, ఫెయిల్. మళ్లీ, ఫెయిల్. మూడోసారి భ్రమరాంబే వచ్చి, "నా జడకు ముప్పై ఏళ్లుగా నేను చేసుకుంటున్నదే ఇది, ఎప్పుడైనా చూశారా?" అంటూ కొసలు పట్టుకుని రాసి చూపించింది. చూడలేదని ఆయన ఒప్పుకున్నాడు.

బుధవారం వంటింట్లో గొడవైంది. ఫిల్టర్ డబ్బా ఖాళీ.

"ఎసరు పెట్టుకోవడానికి నీళ్లు లేవు! అంతా తల మీదే పోసుకున్నారా?"

"రెండు మగ్గులేనే."

"ఏ మగ్గు?"

ఆయన చూపించిన దాన్ని భ్రమరాంబ బకెట్ అంది. అప్పటినుంచి ఒక స్టీలు గ్లాసు కొలతగా కుదిరింది, నాలుగు గ్లాసులు.

ఆ నెలంతా ఆఫీసుకు వెళ్లడమే కష్టమైంది. కుదుళ్ల దగ్గర వేలెడు తెలుపు, దానిపైన తుప్పు. లిఫ్టులో వెనక్కి తిరిగి నిలబడేవాడు. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోతే లోపల ఏమనుకుంటున్నారోనని మరో బెంగ. అయినా దురద మొదటి పదిరోజుల్లోనే తగ్గింది, నెత్తి చల్లబడింది. నెల నిండాక శ్రీలత చెవి వెనక చుక్క పెట్టి రెండు రోజులు చూసి, కాటుక నలుపు కాకుండా ముదురు గోధుమ రంగు వేసింది. మూడు వారాలైనా అది చెక్కుచెదరలేదు. పైగా జుట్టు మెత్తబడి నిగనిగలాడసాగింది. భ్రమరాంబ దిండుకు చెత్త కవరు తీసేసింది.

సరిగ్గా అప్పుడే ఆఫీసులో పక్క టీములో ఇద్దరిని తీసేశారు. మర్నాడు రసజ్ఞ విశ్వేశ్వరరావును చిన్న మీటింగు గదిలోకి పిలిచి తలుపు వేసింది. తన వంతు వచ్చిందనుకున్నాడు. ఆమె నోరు తెరిచేలోగా తనే మొదలుపెట్టాడు.

"మీరు అడక్కముందే చెప్పేస్తానండి. మీరు అనుకుంటున్నట్టు నాకు నలభై కాదు. యాభై మూడు నిండాయి. ఇది రంగు."

రసజ్ఞ ఆయన వైపు తెల్లబోయి చూసింది. "తెలుసు సర్."

"ఎలా తెలుసండీ?"

"ఇంటర్వ్యూ రోజే మీ ఆధార్ జిరాక్స్ ఇచ్చిండ్రు కదా. పుట్టిన తేదీ ఉంటుంది."

ఆ సంగతి ఆయనకు ఒక్కసారి కూడా తట్టలేదు. నెత్తి దురద, చెత్త కవరు, లిఫ్టులో తిరిగి నిలబడటం అన్నీ ఒకేసారి కళ్ల ముందు కదిలాయి. "మరి నన్నెందుకు తీసుకున్నారు?" అన్నాడు నీరసంగా.

"ఇంటర్వ్యూలో మా యాప్ పది నిమిషాలు చూసి మూడు తప్పులు పట్టిండ్రు. మేం ఆరు నెలల నుంచి చూస్తున్నా ఒక్కటీ దొరకలేదు. సర్, నేను రంగు గురించే పిలిచిన." ఆమె జుట్టుకున్న క్లిప్పు తీసి, పైపాయ ఎత్తి చూపించింది. లోపల సగం తెలుపు, సగం ఇటుక రంగు. "పంతొమ్మిదో ఏట మొదలైంది. మా అమ్మకు తప్ప ఎవరికీ తెల్వదు. ఎంత మంచి రంగు వేసినా పదిరోజులకు గిట్ల అయితుంది. మీదేమో మూడు వారాల నుంచి మెరుస్తూనే ఉంది. జర చెప్పుండ్రి, ఏం చేస్తున్నరు?"

విశ్వేశ్వరరావుకు ముందు ఏడుపు వచ్చేలా అనిపించింది, ఆ తరువాత నవ్వు వచ్చింది. ఇద్దరూ ఎంతసేపు నవ్వారంటే, బయట అద్దంలోంచి చూస్తున్న రాకేష్ ఆయనకు జీతం పెరిగిందనుకున్నాడు. ఆ మధ్యాహ్నమే పట్టిక రసజ్ఞకు మెయిల్లో వెళ్లింది. ఆమె రెండు ప్రశ్నలతో తిప్పి పంపింది: నూనె ఎన్ని చుక్కలు, గ్లాసు ఎంత పెద్దది.

ఆయన రంగు మళ్లీ వేయించుకునే ఆదివారం రసజ్ఞ కూడా ప్రగతి నగర్ నుంచి వచ్చి శ్రీలత చేత తిట్లు తిన్నది. ఆమె నెత్తి బాగానే ఉందని, చెవి వెనక చుక్క శుక్రవారమే పెట్టి చూసుకుందని తేల్చుకున్నాక శ్రీలత ఇద్దరికీ రంగు పట్టించి, ప్లాస్టిక్ టోపీలు పెట్టి, పక్కపక్క కుర్చీల్లో కూర్చోబెట్టింది. పావుగంట గడిచిందో లేదో రసజ్ఞ ఫోన్ మోగింది. అవతల రాకేష్.

"అక్కా, పరేషాన్ అయింది. మియాపూర్‌ల పిల్లల డాక్టర్‌కు బుక్ చేసుకున్నోళ్లందరూ మోకాళ్ల డాక్టర్ దగ్గరికి పోయిండ్రు. ఆయన ఫోన్ల అరుస్తుండు. ఎనక పిల్లలు ఏడుస్తుండ్రు."

రసజ్ఞ ఒళ్లో లాప్‌టాప్ తెరిచింది. విశ్వేశ్వరరావు తన కుర్చీని పక్కకు జరుపుకున్నాడు. ఆదివారం పనిచేసే డాక్టర్ల జాబితాలో నిన్న ఎవరో ఒక పేరు తీసేస్తే, కింద ఉన్నవన్నీ ఒక్కొక్క గడి పైకి జరిగాయని ఆయనకు వెంటనే అనుమానం వచ్చింది. ఎక్కడ సరిచేయాలో వెతుకుతుండగా శ్రీలత వచ్చి నిలబడింది.

"టైం అయింది. లెవ్వుండ్రి, కడగాలె."

"ఐదు నిమిషాలమ్మా, పిల్లలు మోకాళ్ల డాక్టర్ దగ్గర ఉన్నారు."

"ఎవల పిల్లలు?" అంటూనే ఆమె ఆయన రెక్క పట్టుకుని లేపి, బేసిన్‌లో తల ఆనించింది. రసజ్ఞ లాప్‌టాప్ పట్టుకుని వెనకే వెళ్లింది. గోరువెచ్చని నీళ్లు పడుతుంటే ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు. రసజ్ఞ ప్రోగ్రామ్ వరుసలు పైకి చదువుతోంది.

"నలభై ఒకటో వరుస..."

"అది కాదండీ, కిందికి వెళ్లండి."

"నలభై ఏడు..."

"అదే! అక్కడ డాక్టర్ నంబర్ పెట్టండి, జాబితాలోని గడి నంబర్ కాదు!"

"కదలకుండ్రి సార్, చెవుల్లకు పోతయి," అంది శ్రీలత.

రసజ్ఞ అలాగే మార్చి మీట నొక్కింది. శ్రీలత ఆయన రెండో చెవి వెనక కూడా కడిగేసింది. అప్పుడు రాకేష్ మళ్లీ ఫోన్ చేశాడు. అంతా సరిగా వస్తోందట. మోకాళ్ల డాక్టర్ కూడా చల్లబడ్డాడట. ఇంతదూరం వచ్చారు కదా అని ఆయన నలుగురు పసిపిల్లలను చూసి, నలుగురికీ మోకాళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయని రాసిచ్చాడట.