రెండో డాక్టరు రాసిన చీటీ

పైపులు, కుళాయిలు అమ్మే మనిషికి ఎవరు ఎవరికి ఎంత ముట్టజెబుతారో ఒకరు చెప్పనక్కర్లేదు. తన కొట్టుకి గిరాకీ తెచ్చే ప్రతి ప్లంబరుకీ అతను వందకి ఎనిమిది ఇస్తాడు. ఆ ఎనిమిదీ ఇల్లు కట్టుకునేవాడి బిల్లులోనే కలుపుతాడు. అందుకే తొమ్మిదేళ్ళ కూతురికి ముఖం, కాళ్ళు ఉబ్బి, కిడ్నీ జబ్బని తేలి, డాక్టరమ్మ ఫలానా ల్యాబులోనే పరీక్షలు చేయించమన్నప్పుడు అతనికి ముందు గుర్తొచ్చింది ఆ ఎనిమిదే.

"ఆ ల్యాబు పేరే ఎందుకు చెబుతుంది?" అన్నాడు భార్యతో.

"అక్కడ సరిగ్గా చేస్తారు కనక. మీకు లోకంలో అందరూ ప్లంబర్లే."

ఆస్పత్రిలో ఉన్న ఐదు రోజులకే ఏడాది లాభం హారతికర్పూరమైపోయింది. ఇంటికి పంపుతూ, రోజుకి ఆరు మాత్రలు, ఆరు వారాలు వెయ్యమన్నారు. సరుకు రెండు చేతులు మారితే లెక్క తేలదని మాత్రలు అతనే వేసేవాడు.

రెండు వారాలకి వాపు దిగింది. ఒక శనివారం చెప్పులు కొనిస్తానని చెప్పి పాపని ఊరి అవతల ఇంకో డాక్టరుకి చూపించాడు. ఆ పెద్దాయన పాత కాగితాలు తిరగేసి, "మూత్రంలో ప్రోటీను పోవడం ఆగితే మాత్రలు సగానికి దించొచ్చు. ముందు పరీక్ష చేయించి, మీ డాక్టరుతో మాట్లాడండి," అని చీటీ రాసిచ్చాడు.

'ఆగితే' అన్నది అమ్మేవాడు ప్రతిదానికీ తగిలించే తోక అనుకున్నాడు. 'సగం' మాత్రం చెవిలో నిలిచిపోయింది. మర్నాటి నుంచి మూడేసి మాత్రలే వేశాడు. డాక్టరమ్మకి చెప్పలేదు. ఒక కొట్టు ధర ఇంకో కొట్లో చెప్పేవాడు బేరగాడే కాడు. మాత్రలు అంత ఖరీదైనవేం కాదు. అతనికి కావలసింది రుజువు. సగంతోనే పిల్ల బాగుంటే, ఆవిడ అన్నీ ఎక్కువెక్కువే రాస్తోందని తేలిపోతుంది.

"అమ్మకి చెప్పకేం," అన్నాడు కూతురితో.

"చెప్పన్లే నాన్నా. పోనీ ఒక్కటే వెయ్యకూడదూ? చేదు."

ఆరు వారాలు నిండిన రోజు పొద్దున పిల్ల కళ్ళు తెరవలేకపోయింది. రెప్పలు అంతలా ఉబ్బిపోయాయి.

డాక్టరమ్మ మూత్రం రిపోర్టు చూసి పెదవి విరిచింది. "ఆరు వారాలు పూర్తి డోసు వేసినా ప్రోటీను ఆగలేదంటే, ఈ మందు పనిచెయ్యట్లేదన్నమాట. కిడ్నీలోంచి సూదితో చిన్న ముక్క తీసి పరీక్ష చెయ్యాలి. తర్వాత ఇంకా గట్టి మందు. రేపే చేర్పించండి." ఖర్చెంతవుతుందో కాగితం మీద రాసి ముందుకు తోసింది.

ఇదిగో, వల బిగించింది, అనుకున్నాడతను.

"మాత్రలు ఎప్పుడైనా తగ్గించారా అమ్మా?" డాక్టరమ్మ తల్లినే అడిగింది. "నిజం చెప్పండి. ఈ మాత్రలకి ముఖం ఉబ్బుతోందని మీలాంటి తల్లులే మానేస్తుంటారు."

"ఒట్టు మేడం, ఒక్క పూట తప్పలేదు. ఈయనే లెక్కపెట్టి వేస్తారు. లెక్కలో ఈయనకి ఎవరూ సాటిరారు."

పిల్ల తండ్రివైపు చూసింది.

"ఆ గట్టి మందుతో ప్రమాదం ఏమన్నా ఉందా?" అడిగాడతను.

"ఉంది. రోగాలని తట్టుకునే శక్తి తగ్గుతుంది. తప్పనిసరైతేనే ఇస్తాను."

ఇరవై ఏళ్ళుగా కొనేవాళ్ళ ముఖాలు చదివినవాడు, ఆ ముఖంలో అబద్ధం కోసం వెతికాడు. దొరకలేదు. తనకంటే గడుసు వ్యాపారేమో అన్న అనుమానమూ పోలేదు. కానీ కొలత తప్పు చెప్పి, పైపు సరిపోలేదని కొట్టు మీదకి వచ్చేవాళ్ళని చాలామందిని చూశాడు. ఇక్కడ తప్పు కొలత ఇచ్చింది తను. రేపు సూది దిగేది కూతురి ఒంట్లో.

చీటీ తీసి బల్లమీద పెట్టాడు. "నాలుగు వారాలుగా మూడే వేశాను."

డాక్టరమ్మ చీటీ మీద తేదీ చూసింది. ఖర్చు రాసిచ్చిన కాగితం వెనక్కి లాక్కుని అడ్డంగా గీత కొట్టింది. "అంటే ఈ మందు పనిచేస్తుందో లేదో ఇంకా ఎవరికీ తెలీదు. పూర్తి డోసు, మళ్ళీ మొదటి రోజు నుంచి. రోజు విడిచి రోజు మూత్రం పరీక్ష. జ్వరమొచ్చినా, ఆయాసపడినా వెంటనే తీసుకురండి."

"పరీక్ష ఏ ల్యాబులో..."

"మీకు నమ్మకమున్న చోట చేయించుకోండి."

బయట బల్లమీద భార్య పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన కూర్చోబోతే, ఆ ఖాళీలో సంచి పెట్టింది.

"ఇంకా ఏం దాచారు?"

"ఏమీ లేదు."

"జేబులు చూపించండి."

అతను రెండు జేబులూ ఖాళీ చేసి సంచి మీద పెట్టాడు. కొట్టు బిల్లులు, మందుల రసీదులు, మడతలు పడ్డ చీటీలు. ఆమె ఒక్కొక్కటే విప్పి చదవసాగింది.