బావ ఎడమ చెంప

మా ఆయన గడ్డం గీస్తే ఆ చెంప మీద చీమ కూడా జారిపడాల్సిందే. గొప్పలు చెబుతున్నానంటారా? చెబుతున్నాను. గొప్ప పనివాణ్ణి చేసుకున్నాను మరి.

పక్షవాతం వచ్చి తగ్గాక ఆయన కాలూ చెయ్యీ కుదురుకున్నాయి, మాటా బాగానే ఉంది. పోయిందల్లా ఎడమవైపే. పళ్లెంలో కుడి సగం తినేసి, ఇంకా వడ్డించవేమని నన్ను కసిరేవాడు.

"కంటికేం కాలేదమ్మా. ఎడమవైపు ఒకటుందన్న సంగతే మెదడు పట్టించుకోవట్లేదు. అటునుంచే పలకరిస్తూ ఉండండి. తనంతట తాను అటు చూసిన రోజున మళ్లీ పని చేసుకోగలరు" అంది డాక్టరమ్మ.

ఆయన ఆగితేనా? సెలూన్ తెరవాల్సిందేనని పట్టుబట్టాడు. కత్తి దాచేసి మిషన్ చేతికిచ్చాను. మొదట కూర్చున్నది మా ఆడపడుచు భర్త. మా ఆయన కుర్చీ వెనక నిలబడి, అద్దంలో చూస్తూ గీసి, తువ్వాలుతో దులిపి, "అయిపోయింది, లే బావా" అన్నాడు. కుడి చెంప నున్నగా మెరుస్తోంది. ఎడమ చెంప మీద గడ్డం అలాగే ఉంది. మీసమూ సగమే మిగిలింది.

గుమ్మం దగ్గర ఆపి గుసగుసగా అన్నాను: "ఇంటికి రండి అన్నయ్యగారూ, మిగతాది నేను తీసేస్తాను."

"సగం వాడు చేశాడు చెల్లెమ్మా, మిగతా సగమూ వాడే చేస్తాడు. అప్పటిదాకా ఇంతే."

అన్నయ్యగారిది బస్టాండులో టికెట్ల కిటికీ దగ్గర పని. ఊరంతా చూసే మొహం. "మధ్యలో నీళ్లు ఆగిపోయాయా?" అని జనం నవ్వితే, "పని జరుగుతోంది" అనేవాడు. మా ఆడపడుచు నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడు. మా ఆయన కంట మాత్రం పడకుండా తిరిగాడు, ఎక్కడ నొచ్చుకుంటాడోనని.

ఇక నా వంతు. మంచానికి ఎడమవైపు రేడియో పెడితే ఆయన తల తిప్పలేదు. నేనే అటువైపు కూర్చుని, "వీధి చివర కొత్త సెలూన్ వాడు మీకన్నా బాగా గీస్తాడట" అన్నాను. చటుక్కున తిరిగాడు తిట్టడానికి. ఇక వదల్లేదు, రోజూ చెవినిల్లు కట్టుకుని పోరాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఊరి సంగతేమో గానీ, నా నోటివల్ల మా ఆయన మెడ బాగుపడింది.

ఒక ఆదివారం అన్నయ్యగారు మొహానికి తువ్వాలు చుట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నేను ఎడమవైపు గోడకు ఆనుకుని, పెదవి కొరుక్కుంటూ నిలబడ్డాను. ఈసారి ఎవరూ పలకకూడదు. మా ఆయన కుడి చెంప ముగించి మిషన్ ఆపాడు. తువ్వాలు దులిపాడు.

అంతలో ఆయన మెడ మెల్లగా ఎడమకు తిరిగింది. వంగి ఆ చెంప వంక చూశాడు.

"ఇదేంటి బావా, ఇంత దరిద్రంగా వదిలేశాడు? ఎవడు వాడు?"

"ఎవడో కొత్తవాడులే. పని నేర్చుకుంటున్నాడు."

"ఇంకెప్పుడూ వాడి దగ్గరికెళ్లకు" అంటూ కుర్చీ చుట్టూ తిరిగి ఎడమవైపుకు వచ్చాడు. నన్ను చూసి ఆగాడు.

"అడ్డంగా నిలబడ్డావేంటే? జరుగు."

నేను నోరు తెరవనేలేదు. అయినా కనిపించాను. పెళ్లయ్యాక మొదటిసారి మారుమాట్లాడకుండా పక్కకు జరిగాను.