కుడివైపు నవ్వు

ఆ కౌంటరు దగ్గరికి నవ్వుతూ వచ్చేవాళ్లు ఎవరూ ఉండరు. బట్టలుతికే మెషీను ఇల్లంతా నీళ్లు కక్కిందనో, ఫ్రిజ్ తెల్లవార్లూ గుర్రుపెట్టిందనో, కొన్న వారానికే మూలపడిందనో మండిపడుతూ వస్తారు. అలాంటివాళ్లని కూర్చోబెట్టి, గోడు విని, చల్లబరిచి పంపడం అక్కకి వెన్నతో పెట్టిన విద్య. ఆ సర్వీస్ సెంటరులో అందరూ ఆమెను అక్కా అనే పిలిచేవారు, ఆమెకంటే వయసులో పెద్దవాడైన మేనేజరుతో సహా.

సరిగ్గా అలాంటి చోట కంపెనీవారు నవ్వు కొలిచే కెమెరా పెట్టారు. కృత్రిమ మేధ అన్నారు. వేల వేల ముఖాలు చూసి నేర్చుకుందన్నారు. కస్టమరుతో మాట్లాడుతున్నంతసేపూ ముఖంలో నవ్వుంటే కౌంటరు లోపలివైపు చిన్న దీపం పచ్చగా వెలుగుతుంది. నవ్వు తగ్గితే పసుపు, పోతే ఎరుపు. ఎరుపులు ఎక్కువైనవాళ్లని నెలాఖరుకి వెనక గోదాములోకి మార్చేస్తారు. ఎంత చేసినా తృప్తి లేదు, ఎప్పుడూ మనమీదే చూపు కదా అని సిబ్బంది దానికి అత్తగారు అని పేరు పెట్టుకున్నారు. నిజం చెప్పాలంటే అది అత్తగార్లకి అవమానం. వాళ్లు కనీసం మధ్యాహ్నం ఓ కునుకైనా తీస్తారు.

మొదట్లో అక్కకి ఏ ఇబ్బందీ లేదు. తర్వాత ఓ జ్వరం వచ్చింది. పోతూ పోతూ ముఖంలో ఎడమ సగాన్ని పట్టుకుపోయింది. పొద్దున్నే పళ్లు తోముకుంటుంటే పుక్కిట పట్టిన నీళ్లు మూతి పక్కనుంచి కారిపోయాయి. అద్దంలో చూస్తే ఎడమ కన్ను మూతపడటం లేదు, ఎడమ పెదవి లేవడం లేదు. నరం వాచిందన్నాడు డాక్టరు. తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు. ఇంటికొచ్చి చెంప గిల్లి చూసుకుంది. ఎవరి చెంపనో గిల్లినట్టుంది. ఏడుపొస్తుందేమోనని మంచం మీద కూర్చుని కాసేపు ఎదురుచూసింది. రాలేదు. మర్నాడు డబ్బా సర్దుకుని పనికి వెళ్లింది.

అత్తగారికి రెండు పక్కలా ఒక్కలా కదిలే ముఖాలే తెలుసు. అక్క ఎంత నవ్వినా దీపం ఎర్రగానే ఉంది. ఎదురుగా కూర్చున్న కస్టమరు చల్లబడి, "థాంక్సమ్మా" అని చేతులు జోడించి వెళ్తున్నా దీపం మాత్రం ఎరుపే.

నెలాఖరు దగ్గర పడుతుండగా మేనేజరు ఆమెను లోపలికి పిలిచాడు.

"అక్కా, నీ మంచికే చెప్తున్నా. గోదాములో హాయిగా ఉంటుంది. ఫ్యానుంది. అరుపులు ఉండవు, కేకలు ఉండవు. ఎవరూ నీ ముఖం చూడరు."

మనిషి చెడ్డవాడు కాదు, కాకపోతే నోటికీ బుర్రకీ మధ్య దారి సరిగ్గా వేయలేదు. ఆ చివరి మాటకి ఆమెకి ఒళ్లు మండాలి. కోపం వచ్చిందిగానీ, పక్కింట్లో గొడవలాగా గోడ అవతలనుంచి వినిపించింది.

"నేను కౌంటరు వదలను సార్," అంది. "నన్ను దాచకండి."

అదే మాట రాసి పై ఆఫీసుకి పంపింది. పై ఆఫీసునుంచి న్యాయం మేడం వచ్చింది. ఆ పేరూ సిబ్బంది పెట్టిందే. కంపెనీ వాడే యంత్రాలు ఎవరికీ అన్యాయం చేయకుండా చూడటం ఆమె ఉద్యోగం. ఆ ఉద్యోగాన్ని ఆమె నిజంగానే చేసేది, అదే ఆశ్చర్యం. పొద్దున్నించి సాయంత్రం దాకా అక్క పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. తర్వాత మేనేజర్ని పిలిచింది.

"వచ్చినవాళ్లలో ఒక్కరైనా ఈవిడ మీద ఫిర్యాదు చేశారా?"

"లేదు మేడం."

"మరి తప్పెవరిది?"

మేనేజరు కెమెరా వైపు చూసి, అది వింటుందేమో అన్నట్టు చూపు తిప్పుకున్నాడు.

"మేడం, ఒక్క మాట అడగనా?" అంది అక్క. "అసలు నవ్వు ఎందుకు కొలవాలి?"

న్యాయం మేడం పెన్ను కింద పెట్టింది. "కొలవాలా వద్దా అన్నది పైవాళ్లు ఎప్పుడో తేల్చేశారమ్మా. అందరినీ ఒకేలా కొలుస్తోందా లేదా, అంతవరకే నా చేతిలో ఉంది." దాపరికం లేకుండానే చెప్పింది, తలెత్తి మాత్రం చెప్పలేదు.

తన చేతిలో ఉన్నది మాత్రం చక్కగా చేసింది. అక్క కౌంటరు మీది కెమెరాని కుడి మూలకి జరిపించింది. ఇకమీదట అక్క ముఖంలో కుడి సగాన్నే చూసి, దాన్నే రెండింతలు చేసి లెక్కకట్టమని యంత్రానికి చెప్పించింది. దీపం పచ్చబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క ఫోటో తీసి, కింద "అందరికీ న్యాయం" అని రాసి, లోపలికి వచ్చే దారిలో గోడకి పెట్టారు. ఫోటో కూడా కుడివైపునుంచే తీశారు.

"నీకేం అక్కా, సగం నవ్వితే సరిపోతుంది," అంది పక్క కౌంటరు పిల్ల. "మాకు సాయంత్రానికి దవడలు పీకేస్తున్నాయి." అందరూ నవ్వారు. దీపాలన్నీ పచ్చగా వెలిగాయి.

ఇంటాయన తాళాలు బాగుచేస్తాడు. రోజూ పొద్దున్నే ఆమె పక్కన అద్దం ముందు నిలబడి, ఆసుపత్రిలో నేర్పిన కసరత్తు తనూ చేసేవాడు. బుగ్గలు పూరించడం, కనుబొమలు ఎత్తడం, ఈల వేయడం. "ఇన్నేళ్ల కాపురంలో నీ మాట ఇంత బుద్ధిగా విన్నది ఇదేనే," అనేవాడు. "మొండి తాళాలు ఎన్ని చూశాను! నూనె వేసి తిప్పగా తిప్పగా ఓనాటికి కదలకేం చేస్తాయి?" ఆమెకి నవ్వొచ్చేది. వచ్చిన నవ్వు కుడిపక్కకే వెళ్లేది.

ఒకరోజు ఓ పెద్దాయన చేతికర్రతో వచ్చాడు. ముందు పక్క కౌంటరులో కూర్చున్నాడు. కూర్చున్నవాడు రెండు మాటలు మాట్లాడి లేచిపోయాడు. అక్క దగ్గరికి వచ్చి, కుర్చీని ఆమెకి ఎడమవైపు చివరికి లాక్కుని, కర్ర గోడకి ఆనించాడు.

"వాషింగ్ మెషీనుకి ఏడాది సర్వీసు కట్టుకున్నామమ్మా. మా ఆవిడ పేరు మీద ఉంది. రద్దు చేయాలి."

"ఎందుకు బాబాయిగారూ? సరిగ్గా పనిచేయట్లేదా?"

"మెషీను బాగానే ఉంది. ఆవిడే పోయింది." పక్క కౌంటరు వైపు చెయ్యి చూపించాడు. "ఆ మాట చెప్తే ఆ పిల్ల నవ్విందమ్మా."

అక్క పక్కకి చూసింది. ఆ పిల్ల ఇంకా నవ్వుతూనే ఉంది. కళ్లనిండా నీళ్లు. దీపం పచ్చగా ఉంది.

అక్క ముఖంలో నవ్వు జారింది. కౌంటరు లోపల దీపం పసుపైంది, ఎరుపైంది. గోదాము గుర్తొచ్చింది. ఎవరూ నీ ముఖం చూడరు అన్న మాట గుర్తొచ్చింది. ఆలోచించిందేమీ లేదు. తలని కాస్త తిప్పి, కెమెరా ఉన్న కుడిపక్క పెదవిని పైకి లాగి పట్టుకుంది. పెద్దాయన కూర్చున్న ఎడమపక్కకి ఆ కబురే అందలేదు. అది ఎప్పట్లాగే వాలిపోయి ఉంది. మూతపడని కంటినుంచి నీళ్లు కారుతున్నాయి. ఆ కన్ను ఫ్యాను గాలికి కూడా కారుతుంది.

దీపం పచ్చబడింది. ఆయన ఆమెనే చూస్తూ చాలాసేపు ఆవిడ గురించి చెప్పాడు. దుప్పట్లు మెషీనులో వేయనిచ్చేది కాదట, చేత్తోనే ఉతికేదట. చెప్పడం అయ్యాక కర్ర అందుకుని లేచాడు.

"నువ్వొక్కదానివే బాధపడ్డావమ్మా," అన్నాడు. "చల్లగా ఉండు తల్లీ."

ఆయన వెళ్లాక అక్క లోపలంతా వెతుక్కుంది. బాధ కోసం. ఏమీ దొరకలేదు. ఇటు నవ్వింది తను కాదు, అటు ఏడ్చిందీ తను కాదు. తర్వాత కస్టమర్ని పిలిచింది.

ఆ నెల ఆమెకి అందరికంటే ఎక్కువ పచ్చ దీపాలు వచ్చాయి. న్యాయం మేడం ఫోన్ చేసి, "ఇప్పుడంతా బాగుందా?" అని అడిగింది. "బాగుంది మేడం," అంది అక్క. మేడం గొంతులో సంతోషం నిజమైనదే.

ఆ తర్వాత ఓ పొద్దున అద్దం ముందు బుగ్గలు పూరిస్తుంటే ఇంటాయన గెంతినంత పని చేశాడు.

"కదిలింది! ఏమేవ్, ఎడమ చెంప కదిలింది! చూడు, చూడు!"

ఆమె చూసింది. పెదవి చివర సన్నగా అదిరింది. ఇన్నాళ్లకి ఆమెలో కూడా ఏదో కదిలింది, అది భయం. ఈ పక్క కూడా తిరిగొస్తే కెమెరాని మళ్లీ నడిమధ్యకి జరుపుతారు. రెండు పక్కలా కొలుస్తారు. భార్య పోయిందని చెప్పుకోవడానికి వచ్చిన మనిషి ముందు రెండు పక్కలా నవ్వాలి. ఆ పెద్దాయన కూర్చున్నంత చోటు కూడా ముఖంలో మిగలదు.

"ఇక చాలండీ," అంది.

"చాలేంటి? ఇప్పుడిప్పుడే దారికొస్తుంటే!" అన్నాడాయన. మళ్లీ బుగ్గలు పూరించి, నువ్వూ పూరించు అన్నట్టు తలెగరేశాడు.

"వద్దు. కుడిపక్క కంపెనీకిచ్చేశాను. ఈ పక్కైనా నాకు ఉండనీయండి."

తువ్వాలుతో ముఖం తుడుచుకుని, డబ్బా తీసుకుని బయటికి నడిచింది. ఆయన బుగ్గల్లో గాలి వదలడం కూడా మరిచిపోయి అద్దం ముందు అలాగే నిలబడిపోయాడు.