మర్యాద లేని కూడలి

డాండినాంగ్ సంతలో ఉల్లిగడ్డల బస్తాలు దింపేసి, ఖుదాదాద్ చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ పాత కారెక్కాడు. గజనీ నుంచి ఈ దేశానికి శరణార్థిగా వచ్చినప్పుడు అతని దగ్గర ఉన్నదల్లా ఇరవయ్యేళ్ళు లారీ నడిపిన అనుభవం. ఇంగ్లీషు రానివాడికి ఇక్కడ లారీ ఎవరిస్తారు? ఉన్న ఆ ఒక్క సరుకూ పాడైపోతుందని, తమ హజారా తెగ ఆడవాళ్ళకు ఊరికే డ్రైవింగ్ నేర్పడం మొదలుపెట్టాడు. ఆరేళ్ళలో పదకొండు మందికి లైసెన్సులు వచ్చాయి. అతనికి పదకొండిళ్ళ మగవాళ్ళతో పగ వచ్చింది.

ఈరోజు మర్జియాకు మూడో పరీక్ష. భర్త పోయిన మనిషి. సోమవారం నుంచి కోళ్ళ ఫ్యాక్టరీలో పని. ఆ షిఫ్టు వేళకు బస్సుండదు. ఇది తప్పితే పని ఇంకొకరికి పోతుంది, తను మరిది ఇంట్లో వంట చేస్తూ ఉండిపోతుంది.

కారు వెళ్ళేసరికి మరిది నౌరోజ్ ఇంటి గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"మళ్ళీ తగలడ్డావా ముసలోడా? మా వదిన రోడ్డెక్కితే నీకేం ఒరుగుద్ది?"

"ఆమె సంపాదించుకుంటే నీకేం తరుగుద్దో ముందది చెప్పు," అన్నాడు ఖుదాదాద్.

మర్జియా రెండుసార్లూ రౌండబౌట్ దగ్గరే, ఆ గుండ్రటి కూడలిలోనే తప్పింది. అవతలి కారులో నెరిసిన తల కనబడితే చాలు, తన వంతు వచ్చినా గుండెమీద చెయ్యేసుకుని, 'ముందు మీరు' అన్నట్టు ఆగిపోయేది. పరీక్షకు వెళ్ళే దారిలో ఇప్పుడూ ఆగింది.

"పెద్దాయన, కాకా."

"రోడ్డుమీద పెద్దాయనలుండరు. కార్లుంటాయి. పో."

వెనక కారువాడు హారన్ కొట్టి, అద్దం దించి అరిచాడు.

"ఏమంటున్నాడు?"

"మీ దేశం పొమ్మంటున్నాడు. ముందు ఈ కూడలి దాటి పో."

నవ్వొచ్చి, ఆమె దాటేసింది.

పరీక్షాధికారితో ఆమె వెళ్ళాక ఖుదాదాద్ ఆఫీసు బయట బెంచీమీద కూర్చున్నాడు. నలభై నిమిషాల తర్వాత ఆమె లైసెన్సు కాగితంతో వచ్చేసరికి అతని గడ్డం ఛాతీకి ఆనుకుని ఉంది. అలిసిపోయిన మనిషిని లేపడమెందుకని పక్కనే కూర్చుంది. చాలాసేపటికి, చల్లబడ్డ చెయ్యి ముట్టుకున్నాక తెలిసింది.

శ్మశానం దగ్గర "పీడ పోయింది" అన్నారెవరో. అన్నవాణ్ణి తీసుకొచ్చిన కారు అతని భార్యే నడిపింది. ఖుదాదాద్ నేర్పిన ఆడవాళ్ళు నడుపుకొచ్చిన కార్లు, మర్జియాదితో కలిపి, పన్నెండు.

అడిగేవాళ్ళు లేక కారు మర్జియా దగ్గరే ఉండిపోయింది. సోమవారం ఫ్యాక్టరీ ముందు ఆపి, పక్క సీటు ముందు కాళ్ళు పెట్టే చోటికి చూసింది. అక్కడ లేని బ్రేకును ఖుదాదాద్ ఆరేళ్ళు తొక్కితొక్కి, రబ్బరు పట్టాకు కుడి మడమంత చిల్లు పడింది.